ఆగుతాండా గంగమ్మా

నా చిన్నప్పుడు నిండు చెంబు నా చేతికిచ్చే ధైర్యం మా వీధిలో ఎవరికీ ఉండేది కాదు. నడవడమనేది నాకు చేతకాని పని. గడప దాటితే పరుగు, మలుపు వస్తే ఇంకాస్త పరుగు, ఎవరైనా పిలిస్తే ఉన్నచోటే దబుక్కున ఆగడం. మజ్జిగ ఇచ్చి ఎదురింటికి పంపితే చెంబు చేరేది, మజ్జిగ దోవలో మిగిలేది. మా జేజి, అంటే మా నాయనమ్మ, నా వెనక మట్టిలో పడిన మరకలు చూసి, "దీన్ని ఎతకాలంటే ఎవురినీ అడగాల్సిన పనిల్యా, తడి చూసుకుంటా పోతే సాలు" అనేది. నేను దాన్ని పొగడ్త అనుకునేదాన్ని.

మాది కడప సీమలో పెన్నేటి గట్టున ఒక పల్లె. ఏటి గట్టున అనగానే నీళ్ళకు కొదవలేదనుకునేరు. వానలు పడినప్పుడు ఏరు ఒకసారి వచ్చి అందరినీ పలకరించి పోయేది, తక్కిన ఏడాదంతా ఇసకే. ఊళ్ళో బావి నీళ్ళు ఉప్పగా ఉండి పప్పు కూడా ఉడికేది కాదు. తాగడానికి నీళ్ళు కావాలంటే ఏట్లోకి దిగి ఇసకలో చెలమ తవ్వుకోవాలి. చేత్తో ఇసక తోడుతూ పోతే అడుగున తడి కనబడుతుంది, ఆ తర్వాత తేటగా నీళ్ళు ఊరుతాయి. వాటిని ముంతతో తోడి బిందెలో పోసుకుని, మళ్ళీ ఊరేదాకా కబుర్లు చెప్పుకుంటూ కూచోవాలి. ఒక బిందె నిండాలంటే ఊళ్ళో సంగతులన్నీ అయిపోవాల్సిందే. అందుకే మా ఊళ్ళో నీళ్ళు ఒలకబోసే పిల్లంటే అందరికీ ఒళ్ళు మంట.

మా పక్కిల్లు దూదేకుల వాళ్ళది. ఆ ఇంటాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. తెల్లారితే ఆయన విల్లు చప్పుడుతోనే నాకు మెలకువ వచ్చేది. ఆ ఇంటి అమ్మాయిని నేను అక్కా అని పిలిచేదాన్ని, వాళ్ళమ్మను పెద్దమ్మా అనేదాన్ని. అక్కకు అన్నలే గానీ చెల్లెళ్ళు లేరు. మా ఇంట్లో నాకు అక్క లేదు. రెండిళ్ళకూ నడుమ ఉన్న మొండిగోడను నేను రోజూ ఎక్కి దిగీ ఒకచోట అరగదీశాను కూడా.

అక్క నీళ్ళు మోసుకొస్తుంటే చూడాలి. తల మీద ఒక బిందె, చంకలో ఇంకొకటి. కాళ్ళు కూరుకుపోయే ఇసకలో నడిచి, గట్టెక్కి, వీధి మలుపులన్నీ తిరిగి వచ్చేది. దోవలో కనబడిన వాళ్ళందరితో మాట్లాడేది, నవ్వేది, మేకపిల్ల అడ్డమొస్తే దాన్ని కాలితో పక్కకు జరిపేది. ఒక్క చుక్క కూడా కింద పడేది కాదు. నీళ్ళకు ఆమె ఏదో మందు పెట్టిందని నేను గట్టిగా నమ్మేదాన్ని.

ఒక ఎండాకాలం అక్కకు పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు డోన్ స్టేషన్లో గూడ్సు బండ్లకు సరుకు ఎత్తించే పని చేసేవాడు. అక్క రైళ్ళ ఊరికి పోతుందని తెలిసి నాకు మహా గర్వమైంది. పోవడమంటే ఇంక ఇక్కడ ఉండకపోవడమని నా బుర్రకు ఎక్కలేదు.

మా ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. ఎవరింట్లో పెళ్ళైనా, పెళ్ళికూతురికి నలుగు పెట్టే రోజు పెన్నేటి చెలమ నుంచి కొత్త కుండలో నీళ్ళు తేవాలి. పెళ్ళికూతురికి చెల్లెలి వరసయ్యే పెళ్ళికాని పిల్ల తలకెత్తుకుని తేవాలి. దోవలో దించకూడదు, తొణకకూడదు. కుండ నిండుగా వస్తే పెళ్ళికూతురి కాపురం నిండుగా ఉంటుందనేవాళ్ళు. తొణికితే మాత్రం ఆ మాట పెళ్ళికూతుర్ని చచ్చేదాకా వదలదు. మా వీధి చివరింటి కోడలి కుండ ఎప్పుడో తొణికిందట. ఆమె ఎనుము వట్టిపోయినా, ఆమె మొగుడు అలిగి సంతలోనే పడుకున్నా, చివరికి ఆమె పెట్టిన ఊరగాయ బూజు పట్టినా, "ఆ పొద్దు కుండ తొణికింది గదా" అనేవాళ్ళు. పాపం ఆమె కూడా అదే నమ్మేది.

అక్క చెల్లెలి వరసకు నన్ను పిలవాలంది. పెద్దమ్మ గుండెలు బాదుకున్నంత పని చేసింది. "ఊర్లో ఇంగ పిల్లోల్లే ల్యారా? దాని చేతికి కుండ ఇస్తే చెలమకాడనే నలుగు పెట్టుకోవాల నువ్వు" అంది. అందులో తప్పేమీ లేదు. మా అమ్మ కూడా వద్దనే అంది. మా జేజి అయితే నాకు ఆ రోజు జ్వరం వచ్చిందని చెప్పేద్దామంది. అక్క మాత్రం మెత్తగా నవ్వి, "నా చెల్లెలు ఇదే. ఇదే తెస్తాది" అని లోపలికి పోయింది. పెద్దమ్మ కళ్ళల్లో నీళ్ళు చూశాక నాకు మొదటిసారి భయమేసింది. నా తల మీద పెట్టేది కుండ కాదు, అక్క పేరని అప్పుడు తెలిసింది.

ఆ సాయంత్రమే అక్క నన్ను వాళ్ళ పంచలో కూర్చోబెట్టి, ఒక వెడల్పాటి కంచంలో నీళ్ళు పోసి నా ముందు పెట్టింది. కంచాన్ని నా వైపు నుంచి చటుక్కున ముందుకు తోసింది. కంచం ముందుకు పోయింది గానీ నీళ్ళు మాత్రం వెనకంచు మీదికి లేచి నా పావడా తడిపాయి. మళ్ళీ తోసి, జరుగుతున్న కంచాన్ని చేత్తో టక్కున ఆపింది. ఈసారి నీళ్ళు ముందంచు దాటి దూకాయి. మూడోసారి కంచాన్ని జరుపుతూ జరుపుతూ పక్కకు తిప్పింది. కంచం తిరిగింది, నీళ్ళు మాత్రం తిన్నగానే పోదామని చూశాయి. నాకు ఇదంతా ఆటలా ఉండి కిలకిలా నవ్వాను.

"నువ్వు పోతాండావని నీకు తెలుసు. నీళ్ళకెట్ల తెలుస్తాది?" అని అడిగింది అక్క.

నేను కంచంలోకి వంగి చూశాను.

"అయ్యేం మొండివి కావు మే. కూచోనుంటే కూచోనే ఉంటాయి. పోతాంటే పోతానే ఉంటాయి. ఎవురో ఒకరు చెప్పాల, పోదాం పదండని, ఇంగ ఆగుదామని. నువ్వు చెప్పకుండా ఉరుకుతావు, చెప్పకుండా నిలబడతావు. పాపం అయ్యేం చేస్తాయి, బయట పడతాయి."

అప్పటిదాకా నీళ్ళు నా మాట వినవని అందరూ నన్ను తిట్టినవాళ్ళే. నేనే వాటికి ఏమీ చెప్పడం లేదని ఎవరూ అనలేదు. నాకు ఆ కంచంలోని నీళ్ళ మీద ఎంతో జాలి కలిగింది.

నాలాంటి కుదురు లేని పిల్లకు "నిదానంగా నడువు" అంటే ఎక్కదని అక్కకు తెలుసు. అందుకని ఒక ఉపాయం చేసింది. నీళ్ళకు నోటితోనే చెప్పమంది. ఆగబోయే ముందు "ఆగుతాండా గంగమ్మా, నిదానంగా ఆగుతాండా" అనాలి. ఆ మాట పూర్తయ్యేదాకా కాళ్ళు పూర్తిగా ఆగకూడదు. కదిలేటప్పుడు "కదుల్తాండా గంగమ్మా", మలుపు దగ్గర "తిరుగుతాండా గంగమ్మా". ఆ మాటలు సాగదీసి అనేలోపు నా కాళ్ళు వాటంతటవే నెమ్మదించేవి. అందులో కిటుకంతా అదే. నాకు అప్పుడు తెలియదు, నీళ్ళు వింటున్నాయనే అనుకున్నాను. ఇప్పటికీ పూర్తిగా కాదనలేను.

రోజూ సాయంత్రం ఇద్దరం ఏటికి పోయేవాళ్ళం. నా తల మీద చిన్న కుండ, దాని కింద అక్క తన చేతులతో దూది కూరి కుట్టిన చుట్టకుదురు. మొదట్లో గట్టెక్కేసరికే నా జడ తడిసిపోయేది. ఒకసారి తిన్నని దోవలో, ఎవరూ అడ్డం రాకుండానే, కుండలో నీళ్ళు అటూ ఇటూ ఊగడం మొదలుపెట్టాయి, ఆ ఊపు పెద్దదవుతూ పోయింది. చెప్పే నడుస్తున్నాను గదా అని ఏడుపు మొహం పెట్టాను. అక్క చూసి, "ఉయ్యాల ఊపినట్ల నువ్వే ఊపుతాండావు. నీ అడుగూ వాటి ఊపూ జత కలిసినాయి. అడుగు చిన్నది చెయ్" అంది. చిట్టి అడుగులు వేశాను. నాలుగడుగుల్లో నీళ్ళు సర్దుకున్నాయి. ఆ రోజు ఇంటికి వచ్చి మా అమ్మ చేతిలోని పాలగిన్నె లాక్కుని వాకిలంతా తిరిగి చూపించాను. ఒక్క చుక్క పడలేదు. మా అమ్మ నా నుదురు ముట్టుకుని జ్వరమేమోనని చూసింది.

ఏటి నుంచి వచ్చేటప్పుడు అక్క మధ్య మధ్యన ఒక్కో మాట చెబుతుండేది. "వానలొచ్చేసరికి నేను డోన్లో ఉంటా" అనేది. నేను రైలింజను ఎంత ఉంటుందని అడిగేదాన్ని. ఇంకో రోజు, "పొద్దున్నే విల్లు సప్పుడు ఇనపడితే నేనుండానని గోడెక్కి రావాకు, నాయనొక్కడే ఉంటాడు" అంది. నేను ఊ అన్నాను గానీ మనసులో పెట్టుకోలేదు. మరో రోజు చుట్టకుదురు నా తల మీద సర్దుతూ, "ఇది ఇంగ నీదే, నా దగ్గర ఉండదు" అంది. ఆ రాత్రి మాత్రం నాకు అన్నం సయించలేదు. ఎందుకో మా అమ్మకు చెప్పలేకపోయాను.

నలుగు రోజు వచ్చింది. నాకు కొత్త పావడా కట్టారు. కుండకు పసుపు రాసి, మెడకు వేపరెమ్మలు చుట్టారు. చెలమ దగ్గర అక్క వాళ్ళ వదిన కుండను నోటిదాకా నింపి నా తలకెత్తింది. నా వెనక మా ఊరి ఆడవాళ్ళు ఒక గుంపు, ప్రొద్దుటూరు నుంచి వచ్చిన చుట్టాల గుంపు ఇంకొకటి, వాళ్ళ వెనక తప్పెట్లు. చుట్టాల గుంపుకు అక్క వాళ్ళ మేనత్త పెద్ద. ఆమె గొంతు పెన్నేటికి ఆ ఒడ్డున కూడా వినబడుతుంది.

"కదుల్తాండా గంగమ్మా, నిదానంగా కదుల్తాండా" అన్నాను నేను, నీళ్ళకు వినబడేలా కొంచెం గట్టిగానే.

ఇది ప్రొద్దుటూరు వాళ్ళ పాట కాబోలని మా ఊరివాళ్ళు అనుకున్నారు. ఈ ఊరి పాట కాబోలని ప్రొద్దుటూరు వాళ్ళు అనుకున్నారు. తెలియదంటే ఎక్కడ తీసికట్టయిపోతామోనని ఇరువైపులా అందరికీ బెంగ. ముందుగా మేనత్త అందుకుంది, "కదుల్తాండా గంగమ్మా" అని గొంతెత్తి సాగదీసింది. మా ఊరివాళ్ళు ఊరుకుంటారా? ఇంకాస్త పొడుగ్గా సాగదీశారు. తప్పెట్ల వాళ్ళు కాసేపు తడబడి, ఆ నిదానానికి తగ్గ దెబ్బ పట్టుకున్నారు. నాకు నవ్వు ముంచుకొచ్చింది గానీ, నవ్వితే తల ఊగుతుందని పళ్ళు బిగబట్టాను.

ఇసక దాటాను. గట్టెక్కాను. మలుపు దగ్గర "తిరుగుతాండా గంగమ్మా" అంటే ఊరంతా తిరుగుతాండా అంది. కమ్మరి కొట్టం దగ్గరికి వచ్చేసరికి, సందులోంచి గొర్రెల మంద ఒక్కసారిగా వీధిలోకి వచ్చి పడింది. వెనకాల పెద్దమ్మ "అయ్యో అల్లా" అనడం నాకు వినబడింది. రోజూ నాకు అలవాటైన పని అక్కడే దబుక్కున నిలబడిపోవడం. నా మోకాళ్ళు అప్పటికే బిగుసుకున్నాయి కూడా. కానీ నోరు ముందే మొదలుపెట్టేసింది, "ఆగుతాండా గంగమ్మా, నిదానంగా..." అని. మాట సాగినంతసేపూ అడుగు మీద అడుగు చిన్నదవుతూ వచ్చింది. ఆఖరి అడుగు గొర్రెల మధ్యలో పడింది. అవి నా పావడాను రాసుకుంటూ ఇటూ అటూ చీలిపోయాయి. తల మీద నీళ్ళు ఒకసారి ముందుకు వంగి చూసి, మళ్ళీ వెనక్కి సర్దుకున్నాయి. నా వెనక రెండూళ్ళ ఆడవాళ్ళూ గొర్రెల కాపరితో సహా "ఆగుతాండా గంగమ్మా" అని పాడారు. పాపం అతను కూడా ఎందుకొచ్చిన గొడవని గొంతు కలిపాడు.

ఇంటి ముందు పెద్దమ్మే తన చేతులతో కుండ దించుకుంది. నీళ్ళు నోటిదాకా ఉన్నాయి. ఆమె కుండను కింద పెట్టి, నా మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. మా జేజి గుంపు చివర్న వచ్చింది. వచ్చి, వెనక్కి తిరిగి మేము నడిచొచ్చిన వీధినంతా చూసింది. దుమ్ము ఎండి, పొడిగా ఉంది, ఎక్కడా మరక లేదు. "ఈ పొద్దు దీన్ని ఎతకాలంటే శానా కష్టమే" అంది. అంతవరకూ మా జేజి నన్ను అంత ఇష్టంగా చూడటం నేనెరగను.

మొదటి చెంబు నేనే పోయాలి. అక్క పసుపు మొహంతో పీట మీద కూచుని ఉంది. అంత సేపు బిగబట్టుకున్న సంతోషమంతా ఒక్కసారిగా వచ్చి, చెంబు నింపి ఆమె నెత్తి మీద గుప్పున కుమ్మరించాను. నీళ్ళు పెద్దమ్మ మీదా, మేనత్త మీదా, గోడ మీదా పడ్డాయి. అందరూ విరగబడి నవ్వారు. అక్క కళ్ళు తుడుచుకుని, "ఇంగ నీ ఇష్టం మే, ఎంతన్నా పారబొయ్" అంది.

పెళ్ళయిన మర్నాడు వాకిట్లో బండి కట్టారు. స్టేషను దాకా బండి, అక్కడి నుంచి రైలు. అక్క వాళ్ళమ్మను పట్టుకుని ఏడ్చింది, నాయన దగ్గర ఏడ్చింది, నా దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఏడవలేదు. బండెక్కి కూచుని, తోలే అతనితో ఏదో మెల్లగా చెప్పింది. అతను ఎద్దుల్ని అదిలించకుండా పగ్గం వదులు చేసి ఊరుకున్నాడు. బండి కదలబోయే ముందు అక్క వంగి, నా కళ్ళలోకి చూసి, "కదుల్తాండా చెల్లీ, నిదానంగా కదుల్తాండా" అంది.

అప్పుడు నాకు అర్థమైంది. వానలొచ్చేసరికి డోన్లో ఉంటానన్నది, గోడెక్కి రావాకన్నది, చుట్టకుదురు నాదే అన్నది, అవన్నీ ఆమె నాకు ముందుగా చెబుతూ వచ్చిందని. ఎద్దులు మెల్లగా అడుగేశాయి. నేను బండి పక్కనే కొంత దూరం నడిచాను. తర్వాత నిలబడ్డాను. ఏడుపు రాలేదని చెప్పను, కళ్ళ నిండా వచ్చింది. కానీ నిలబడగలిగాను, చెయ్యి ఊపగలిగాను, బండి మలుపు తిరిగేదాకా నవ్వగలిగాను. మర్నాడు విల్లు చప్పుడుకు మెలకువ వచ్చినప్పుడు గోడెక్కలేదు. చుట్టూ తిరిగి వాకిలి గుండా పోయి, అక్క వాళ్ళ నాయన పక్కన కూచుని దూది ఎగరడం చూస్తూ ఉండిపోయాను. ఆయనకూ ఎవరో ఒకరు కావాలనిపించింది.

ఆ మధ్య మా ఊరికి పోయినప్పుడు ఒక పెళ్ళి జరుగుతోంది. ఇప్పుడు చెలమలు లేవు, కొళాయి ఉంది. కొళాయి దగ్గర నుంచే ఒక పిల్ల కుండ ఎత్తుకుని, "ఆగుతాండా గంగమ్మా" అంటూ వచ్చింది, వెనక అందరూ పాడుతున్నారు. ఈ పాట రాజుల కాలం నాటిదని ఒకామె నాకు వివరంగా చెప్పింది. అవునా అన్నాను. మా మనవడి బడి పుస్తకంలో అక్క కంచంలో చూపిన సంగతి ఉంది, దాన్ని జడత్వం అంటారట. వాడు చదివి వినిపిస్తే బాగానే ఉంది గానీ ఆ పేరు నాకు నచ్చలేదు. నీళ్ళు జడమేమీ కాదు, వాటికి ఎవరూ చెప్పలేదంతే.

చుట్టకుదురు ఇంకా నా పెట్టెలో ఉంది, దూది గట్టిపడిపోయింది. పిల్లల్ని బడిలో చేర్చేటప్పుడు, ఊరు మారేటప్పుడు, కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు, ఏదీ నేను వాళ్ళ మీద ఒక్కసారిగా కుమ్మరించలేదు. రోజుకొక మాట చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు మంచం మీంచి లేచేటప్పుడు నా మోకాళ్ళకు కూడా చెప్పే లేస్తాను, అవి నీళ్ళకంటే మొండివి. ఈ మధ్య నా మనవరాళ్ళకు అన్నం కలిపి పెడుతూ, "నేను పోయే మలుపు దగ్గరికొస్తాంది తల్లీ, నిదానంగా తిరుగుతాండా" అంటుంటాను. అట్లా అనొద్దని వాళ్ళు నా మీద కోప్పడతారు. కోప్పడనీ. నా తల మీది నిండు కుండ వాళ్ళే, చెప్పకుండా ఎలా తిరుగుతాను?